నమ్మదగిన పిస్తోలు

కోనపాలెం జిల్లాకి నిరంజన వర్ధన్ గారు రాకముందు తుపాకులు రెండే రకాలుగా ఉండేవి. లైసెన్సు ఉన్నవి, లేనివి. ఆయన వచ్చాక మూడో రకం పుట్టింది. నమ్మదగినవి.

నిరంజన వర్ధన్ గారు యువకులు, చురుకైనవారు. ఏదో పెద్ద నగరంలో శిక్షణకి వెళ్లి, లోకంలో మార్కులు వెయ్యడానికి వీలుకాని వస్తువంటూ లేదని తెలుసుకుని వచ్చారు. రాగానే వీధి కుళాయిలకి మార్కులు వేశారు. కుళాయిల్లో నీళ్లు రాలేదు కాని, ఏ కుళాయిలో ఎంత శాతం రావడం లేదో జనానికి స్పష్టంగా తెలిసింది. ఆ విజయం చూసి ప్రభుత్వం వారు ఆయన్ని జిల్లా ఆయుధ విశ్వసనీయతా ప్రత్యేకాధికారిగా వేశారు. అలాంటి పదవి ఒకటుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఆయనకీ తెలియదు. అయినా కుర్చీలో కూర్చున్న రోజే ఆయనకి ఒక గొప్ప అనుమానం వచ్చింది. ప్రభుత్వం పౌరుడికి తుపాకీ పెట్టుకోమని లైసెన్సు ఇస్తోంది. సరే. అవసరం వచ్చినప్పుడు ఆ తుపాకీ పేలకపోతే?

ఆ ఆలోచనకి ఆయన ఒళ్లు జలదరించిందట. వెంటనే ఒక సర్క్యులర్ రాయించారు.

సరిగ్గా అదే వారంలో దొమ్మేటి అచ్చాయమ్మగారు తన పిస్తోలుని ప్రభుత్వానికి అప్పగించి, శుభ్రంగా చార్‌ధామ్ యాత్రకి పోదామని నిర్ణయించుకున్నారు.

అచ్చాయమ్మగారికి అరవై దాటాయి. భర్త గనిరాజుగారు రొయ్యల వ్యాపారం చేసేవారు. సరుకు అమ్మిన డబ్బుతో చీకటిపడ్డాక ఒంటరిగా చెరువుగట్ల మీంచి రావలసి వచ్చేది కనుక, ఒక పాత పిస్తోలు కొనుక్కున్నారు. అరచేతిలో ఇమిడిపోయేది. జేబులో పెట్టుకుంటే సిగరెట్టు పెట్టె అనుకుంటారు. తూటా కొలతని బట్టి అందరూ దాన్ని ట్వెంటీటూ అనేవారు. దాని తూటాలు చిన్నవి, పేలే మందు తూటా అంచు చుట్టూ సన్నగా పూసి ఉంటుంది. పూత సరిగా ఉన్నచోట పిస్తోలు లోపలి సుత్తి పడితే 'ఠాప్' అంటుంది. లేనిచోట పడితే 'టిక్' అంటుంది. అదే తూటాని బయటికి తీసి, కాస్త తిప్పి పెట్టి నొక్కితే ఒక్కోసారి మనసు మార్చుకుంటుంది. గనిరాజుగారు దాన్ని కొన్న రోజున పెరట్లో కొబ్బరిబొండాం మీద గురిపెట్టి చూశారు. చాలాసేపు టిక్కు టిక్కుమని, చివరికి పేలి, పక్కింటివాళ్ల నీళ్లట్యాంకుకి చిల్లు పెట్టింది.

"ఇదేం పిస్తోలండీ, పేల్తదో లేదో తెలీకుండా?" అని అచ్చాయమ్మగారు అడిగితే, "నాకే తెలీదు గదా, ఇంక దొంగకేం తెలుస్తాది?" అన్నారట ఆయన.

ఆయన పోయాక లైసెన్సు ఆవిడ పేరుకి మారింది. పిస్తోలు బీరువాలో పట్టుచీరల మధ్యకి చేరింది. దానివల్ల ఆవిడకి దొరికిన లాభం ఏమిటంటే, ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని స్టేషన్‌కి తీసుకెళ్లి అప్పగించడం, అయ్యాక మళ్లీ క్యూలో నిలబడి తెచ్చుకోవడం. ఇప్పుడు పక్కింటి మహలక్ష్మీ ఆవిడా కలిసి యాత్రకి బస్సులో సీట్లు పుచ్చుకున్నారు. నెలపైన ఇల్లు తాళం వేసి పోవాలి. తాళం వేసిన ఇంట్లో పిస్తోలు ఉంచకూడదు. వెంట తీసుకెళ్లకూడదు. పీడా పోయింది, ఇచ్చేద్దామనుకున్నారు.

తమ్ముడు చిట్టబ్బాయిని తోడు తీసుకుని స్టేషన్‌కి వెళ్లారు. చిట్టబ్బాయి కొన్నాళ్లు ప్లీడరు గుమాస్తాగా చేసి మానేసినవాడు. పని మానేశాడు కాని వాదన మానలేదు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ యల్లమిల్లి వీర్రాజుగారు ఆవిడకి కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించి, సంగతి విని తల అడ్డంగా ఊపారు.

"సరెండరాండీ? ఇప్పుడు కుదరదండి, అమ్మగారూ."

"అదేంటండీ? నా పిస్తోలు నేనిచ్చేత్తానంటే వద్దంటారేంటి?"

"పేలుద్దాండి?"

"ఒక్కోసారి."

"అక్కడే వచ్చిందండి చిక్కు." వీర్రాజుగారు కొత్త సర్క్యులర్ తీసి, కళ్లజోడు పెట్టుకుని, గొంతు మార్చి చదివారు. "'ప్రభుత్వము వారు స్వీకరించు ఆయుధము ఆయుధమై యుండవలెను. పేలుటయందు నిలకడ లేని వస్తువును ఆయుధముగా పరిగణించి స్వీకరించుటకు వీలులేదు.' అదండీ."

"ఆయుధం కాపోతే మరీ మంచిది. ఇంట్లో పడేసి యాత్రకెల్తాను."

"అలా ఎలాగండీ? లైసెన్సుంది గదా. ఆయుధమేనండి."

"మీకిచ్చేప్పుడు కాదు, నేను దాచుకునేప్పుడు అవునూ?"

"బాగా చెప్పారండి. అంతేనండి," అన్నారు వీర్రాజుగారు సంతోషంగా, తనకే ఇంత స్పష్టంగా అర్థం కానందుకు కొంచెం సిగ్గుపడుతూ.

చిట్టబ్బాయి ముందుకి వంగాడు. "పోనీ కాలవలో పారేత్తే?"

"ఆయుధాన్ని పారేసినట్టవుద్దండి. కేసు."

"ఆయుధం కాదన్నారు గదా?"

"అది తేల్చాల్సింది పరీక్షలోనండి. ముందు పరీక్ష రాయాలి... అంటే, పేల్చాలి. నూటికి ఎనభై మార్కులొత్తే నమ్మదగిన ఆయుధమని సర్టిఫికెట్ ఇత్తారు. అప్పుడు మారాజులా అప్పగించుకోవచ్చు."

అచ్చాయమ్మగారు మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. "అంటే, బాగా పేలే పిస్తోలైతే తీసుకుంటారు. పేలని పిస్తోలైతే నా దగ్గరే ఉంచుతారు."

"తమరి రక్షణ కోసమేనండి," అన్నారు వీర్రాజుగారు.

పరీక్ష పోలీసు మైదానంలో పెట్టారు. పెద్ద షామియానా వేశారు. మైకు పెట్టారు. జిల్లాలో లైసెన్సు ఉన్నవాళ్లంతా తుపాకులు గుడ్డల్లో చుట్టుకుని, పిల్లల్ని టీకాలకి తెచ్చినట్టు తెచ్చుకుని బెంచీల మీద కూర్చున్నారు. నిరంజన వర్ధన్ గారు ప్రసంగించారు.

"సోదర సోదరీమణులారా! పౌరుని చేతిలోని ఆయుధము పౌరునికి ఒక భరోసా. భరోసాకు కొలమానము లేకపోవుట ఇన్నాళ్లుగా మన వ్యవస్థలోని లోపము. నేటి నుండి మన జిల్లాలో భరోసాను శాతములలో కొలుచుకొనబోవుచున్నాము."

అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచారు.

మొదట వచ్చిన మోతుబరి రైతు డబుల్ బ్యారెల్ తుపాకీ విప్పితే గొట్టంలోంచి కందిరీగలు వచ్చాయి. పరీక్షాధికారులు కొంతసేపు మైదానమంతా పరుగెత్తి, తిరిగి వచ్చి, సున్నా వేశారు. తర్వాతాయన రివాల్వరు తిరగాల్సిన చోట తిరగలేదు. తర్వాతాయన తుపాకీ ట్రిగ్గరు ఆయన చేతిలోకే వచ్చేసింది. ఆయన దాన్ని భద్రంగా జేబులో వేసుకుని వెళ్లి కూర్చున్నాడు.

అచ్చాయమ్మగారిని పిలిచారు. ఆవిడ పిస్తోలుని బల్ల మీద పెట్టి, "ఎవరు కాలుత్తారో కాల్చుకోండి," అన్నారు.

"కుదరదమ్మా," అన్నారు నిరంజన వర్ధన్ గారు మృదువుగా. "విశ్వసనీయత అనునది ఆయుధమునకు, ఆయుధధారికి ఉమ్మడి గుణము. ప్రమాదము మీకు ఎదురైనప్పుడు కాల్చువారు మీరే కదా."

"బాబూ, నేను జన్మలో దాని పీక నొక్కలేదు."

"అందువల్లనే ఈ అవకాశము."

అచ్చాయమ్మగారు కొంగు నడుముకి చుట్టారు. కళ్లజోడు సర్దుకున్నారు. ఎదురుగా ఉన్న బొమ్మకేసి పిస్తోలు చాచి, మొహం పక్కకి తిప్పుకుని, వెంకటేశ్వరస్వామిని తలుచుకుని నొక్కారు.

టిక్.

"తిప్పి పెట్టక్కా!" అని చిట్టబ్బాయి అరిచాడు.

పక్కనున్న కానిస్టేబుల్ తూటా తీసి, కాస్త తిప్పి పెట్టాడు. ఆవిడ మళ్లీ నొక్కారు. టిక్. ఇంకోసారి తిప్పారు. ఆవిడకి చేయి నొప్పి పుట్టి కొంచెం పైకి లేచింది. ఈసారి ఠాప్ అంది.

బొమ్మకి ఏమీ కాలేదు. అందరూ అటే చూస్తుండగా షామియానా ఒక మూల మెల్లిగా వంగింది. తాడు తెగిందన్నమాట. వంగిన మూల పక్క మూలని లాగింది. పరీక్షాధికారులు, మైకు, పూలకుండీలు, నిరంజన వర్ధన్ గారు అన్నీ గుడ్డకింద కలిసిపోయాయి. లోపల్నుంచి, ఇంకా పనిచేస్తున్న మైకులో, "భయపడవలసిన పని లేదు. ఆయుధము పేలినది. ఇది శుభపరిణామము," అని వినిపించింది.

మూడింట ఒకసారి పేలింది కనుక ముప్పై మూడు మార్కులు వేశారు.

"ముప్పై ఐదైతే మా పదో తరగతిలో పాసండి," అన్నాడు చిట్టబ్బాయి. "మార్కు అటూ ఇటూ చూసి గ్రేస్ కలపండి. ఆడకూతురు."

"తుపాకులకు గ్రేసు మార్కులు ఉండవు," అన్నారు నిరంజన వర్ధన్ గారు, జుట్టులోంచి పూలకుండీ మట్టి దులుపుకుంటూ. "ఎనభై మార్కుల పౌరుడు దొంగను చంపును. ముప్పై మూడు మార్కుల పౌరుడు దొంగకు కోపము తెప్పించును. అమ్మా, ఈ స్థితిలో మిమ్ములను ఒంటరిగా వదిలిపెట్టుట ప్రభుత్వమునకు భావ్యము కాదు."

తనకేదో మంచే జరగబోతోందనుకుని అచ్చాయమ్మగారు దణ్ణం పెట్టారు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరు కానిస్టేబుళ్లు రైఫిళ్లతో ఇంటి ముందుకి వచ్చారు. ఒకాయన పోలయ్య, పెద్దాయన. రెండో ఆయన ఏసుబాబు, ఇంకా మీసాలు సరిగా రాలేదు. నమ్మకంలేని ఆయుధంతో బతుకుతున్న పౌరురాలికి రక్షణగా వేశారట. ఆవిడ ఎక్కడికి వెళితే వాళ్లు అక్కడికి వెళ్లాలి. జిల్లా దాటకూడదు. వాళ్లు దాటకూడదు కనుక ఆవిడ కూడా దాటకూడదు.

అచ్చాయమ్మగారు కాపలాని రెండురోజులు ఓర్చుకున్నారు. కూరగాయల బజారుకి వెళితే ముందొకరు వెనకొకరు. బెండకాయలమ్మే ఆవిడ హడలిపోయి కిలోకి కిలోన్నర తూచింది. గుళ్లో ప్రదక్షిణాలకి ముగ్గురూ తిరిగారు. ఇంట్లో పొద్దున్న పెసరట్లు ముగ్గురికీ పొయ్యాలి. పోలయ్యకి ఉల్లిపాయ పడదు. ఏసుబాబుకి ఉల్లిపాయ లేకపోతే దిగదు. మహలక్ష్మి గోడమీంచి తొంగిచూసి, "ఏవమ్మా, బస్సు బయల్దేరేది వచ్చే సోమారం. నువ్వొత్తావా, నీ సీటు మా ఆడపడుచుకిచ్చెయ్యనా?" అని అడిగింది.

ఆ మాటకి అచ్చాయమ్మగారికి నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ జీవితంలో గోదావరి జిల్లాలు దాటి వెళ్లింది ఒక్క తిరపతికే. గనిరాజుగారు బతికుండగా ఏటా అనుకునేవారు, ఏటా చెరువులకి ఏదో ఒక తెగులొచ్చేది. మంచు కొండలు సినిమాల్లోనే చూశారు. యాత్రకని కొన్న ఉన్ని స్వెట్టరు ఎండాకాలంలో ఒకసారి వేసుకుని చూసుకుని, చెమటలు కక్కుతూ అద్దం ముందు మురిసిపోయారు. ఇప్పుడు ఒక పేలని పిస్తోలు ఆ కొండలకి అడ్డంగా కూర్చుంది.

"నా సీటు ఎవరికీ ఇవ్వకు," అన్నారావిడ, కొంగుతో మొహం తుడుచుకుని. "ఒత్తాను."

చిట్టబ్బాయి అరుగుమీద కూర్చుని పెసరట్టు తింటూ పోలయ్య రైఫిలు కేసి చూస్తున్నాడు.

"పోలయ్యగారూ, దీనికెన్ని మార్కులండీ?"

"దేనికి?"

"మీ రైఫిలుకి. అక్క పిస్తోలుకి ముప్పై మూడొచ్చాయని గదా మిమ్మల్నేశారు. మరి మీది?"

పోలయ్య నవ్వాడు. "నేను సర్వీసులో చేరేనాటికే దీనికి ముసలితనమండీ. దీన్నెప్పుడూ పేల్చలేదు. భుజానికి తగిలించుకుంటే నడుం నిలబడుద్ది, అంతే."

చిట్టబ్బాయి చెయ్యి కడుక్కుని, ఆ ప్రశ్ననే కాగితం మీద మర్యాదగా రాసి, ప్రత్యేకాధికారిగారికి ఇచ్చి వచ్చాడు. ఆ కుర్చీలో ఇంకొకరుంటే దాన్ని చెత్తబుట్టలో వేసేవారు. నిరంజన వర్ధన్ గారు నిజాయితీపరులు. చదివి లేచి నిలబడ్డారట.

"అద్భుతము! రక్షించబడువారి ఆయుధమును కొలిచి, రక్షించువారి ఆయుధమును కొలవకపోవుట పక్షపాతము. వీర్రాజుగారూ, మొత్తము జిల్లా పోలీసు ఆయుధములన్నింటికీ పరీక్ష!"

"అన్నిటికీనాండి?" అన్నారు వీర్రాజుగారు.

"మీ నడుమునకు ఉన్న దానితో మొదలుపెడదాము."

వీర్రాజుగారు చాలాసేపు బెల్టు సర్దుకున్నారు. చివరికి తోలు ఒర విప్పారు. లోపల కళ్లజోడు పెట్టె, జీలకర్ర బిళ్లలు ఉన్నాయి. రివాల్వరు బరువుకి నడుం పడుతోందని డాక్టరు చెప్పాడట.

అదే మైదానంలో, షామియానా లేకుండా, పరీక్ష జరిగింది. కానిస్టేబుళ్లంతా వరసగా నిలబడ్డారు. "ఫైర్!" అన్నారు వీర్రాజుగారు. టిక్కుమంది వరసంతా, గడియారాల కొట్టు తలుపు తీసినట్టు. ఇంకోసారి అన్నారు. మళ్లీ అదే. తూటాలు పాతవి, రైఫిళ్లు అంతకంటే పాతవి. కొన్నిటికి తుప్పు, కొన్నిటికి తుప్పు పట్టకుండా రాసిన గ్రీజు గట్టిపడిపోవడం. పోలయ్య రైఫిలు ఒక్కటే చివర్లో సన్నగా పొగ వదిలింది. పేలుతుందేమోనని అందరూ చెవులు మూసుకున్నారు. పేలలేదు. పొగకి అర మార్కు వేశారు.

వేరే అధికారి అయితే ఆ ఫలితాలు దాచేసేవారు. నిరంజన వర్ధన్ గారు వాటిని ఆఫీసు ముందు పెద్ద బోర్డు మీద రాయించారు. జిల్లాలో ప్రథమ స్థానం: దొమ్మేటి అచ్చాయమ్మగారి పిస్తోలు, ముప్పై మూడు. ద్వితీయ స్థానం: పోలయ్య రైఫిలు, అర. మిగతా తుపాకులన్నిటికీ, లైసెన్సువాళ్లవీ పోలీసులవీ, సున్నాయే వచ్చింది కనుక మిగతా స్థానాలు అన్నిటికీ సమానంగా పంచారు.

అచ్చాయమ్మగారి ఇంటి ముందు కాపలా ఎత్తేశారు. అరమార్కువాడు ముప్పై మూడు మార్కులవారిని కాపలా కాయడం అసంబద్ధమని తేలింది. ఆవిడ హాయిగా ఊపిరి పీల్చుకుని, స్వెట్టరు సంచిలో సర్దుకుంటుండగా, వీర్రాజుగారు స్వయంగా జీపులో వచ్చి ఒక ఉత్తర్వు ఇచ్చారు.

చిట్టబ్బాయి పైకి చదివాడు. "'జిల్లాలోని అత్యంత విశ్వసనీయ ఆయుధము జిల్లాలోని అత్యంత కీలక స్థానమును రక్షించుట న్యాయము. కావున సదరు పిస్తోలును ప్రభుత్వ ఉద్యోగిగా జిల్లా ఖజానా కాపలా విధులయందు నియమించడమైనది. సదరు దొమ్మేటి అచ్చాయమ్మగారు దానిని మోయువారుగా వ్యవహరించవలెను.'"

"మోయువారేంట్రా?"

"పిస్తోలుకుద్యోగమొచ్చింది. నువ్వు దాని సంచివి, అక్కా."

"వీర్రాజుగారూ, ఇదేం అన్యాయమండీ?"

"అమ్మగారూ, నేనేం చెయ్యనండి? నా ఒరలో జీలకర్ర బిళ్లలున్నాయి. నా నోరెలా లెగుద్ది?" అన్నారు వీర్రాజుగారు.

ఖజానా ఆఫీసు వరండాలో అచ్చాయమ్మగారికి ఒక కుర్చీ వేశారు. ఇనపతలుపు వెనక జిల్లా డబ్బు, ముందు ఆవిడ. ఒళ్లో చేతిసంచి, సంచిలో పిస్తోలు. ఊరికే కూర్చోవడం చేతగాక ఆవిడ వెల్లుల్లి ఒలుచుకోవడం మొదలుపెట్టారు. పెన్షన్ కోసం వచ్చే ముసలివాళ్లు ఆవిడ చుట్టూ చేరి మోకాళ్లనొప్పుల గురించి మాట్లాడేవాళ్లు. ఖజానా అధికారి ఆవిడని చూసి మొదట్లో భయపడ్డాడు కాని, ఇంటినుంచి తెచ్చే మాగాయ రుచి చూశాక, దేశంలో ఖజానాలన్నిటికీ ఇలాంటి భద్రత ఉండాలన్నాడు. ఆవిడ మాత్రం సంచి కదిలినప్పుడల్లా దాని మూతి గోడవైపు తిప్పేవారు. అవసరానికి పేలదు సరే, అవసరం లేనప్పుడు పేలదని నమ్మకమేమిటి?

శుక్రవారం సెలవుచీటీ పెట్టారు. తిరిగి వచ్చింది. 'మోయువారికి సెలవు మంజూరు చేసినచో ఉద్యోగి విధులకు హాజరు కాజాలదు.'

శనివారం పొద్దున్న అచ్చాయమ్మగారు సంచి తీసుకుని నేరుగా ప్రత్యేకాధికారి గదిలోకి నడిచారు. బంట్రోతు ఆపబోయి, సంచి చూసి పక్కకి తప్పుకున్నాడు. చిట్టబ్బాయి వెనకాలే ఉన్నాడు. లోపల వీర్రాజుగారు కూడా నిలబడి ఉన్నారు.

"బాబూ," అన్నారావిడ, కుర్చీలో కూర్చుని. "నువ్వు చదువుకున్నోడివి. మంచోడివి. నీకు చెడ్డ బుద్ధి లేదని నాకు తెలుసు. ఎల్లుండి నా బస్సెల్లిపోద్ది. నాకు మళ్లీ ఓపికుండదు. నా మోకాళ్లు ఈ ఏడాదికి ఒప్పుకున్నాయి, పైయేడుకి ఒప్పుకోవు. ఆ కొండ చూసి రానియ్యి."

నిరంజన వర్ధన్ గారి గొంతు కూడా కొంచెం మెత్తబడింది. "అమ్మా, వ్యక్తిగతముగా నాకును మిమ్ములను పంపవలెననే ఉన్నది. మా నాయనమ్మ గుర్తుకు వచ్చుచున్నది. కాని ఉద్యోగి విధిని వదిలి వెళ్లుటకు నిబంధన..."

"ఉద్యోగి నేనా?"

"కాదమ్మా. పిస్తోలు."

"పర్మనెంటా, టెంపరరీయా అండీ?" అన్నాడు చిట్టబ్బాయి.

"పర్మనెంటే. ప్రభుత్వము ఆయుధముల విషయమున చిన్నచూపు చూడదు."

"అయితే మిగతా ఉద్యోగులకున్న నిబంధనలన్నీ దీనికీ వర్తిస్తాయాండి?"

"నిస్సందేహముగా. వివక్షకు తావు లేదు."

అచ్చాయమ్మగారు సంచిలో చెయ్యి పెట్టారు. వీర్రాజుగారు అలవాటుగా బీరువా వెనక్కి జరిగారు. ఆవిడ పిస్తోలు తీసి, తూటాలు లేవని చూపించి, బల్లమీద పెట్టి, పక్కన చెక్కిన అంకెల మీద వేలు పెట్టారు.

"ఇది తయారైన సంవత్సరం అని మావారు చెప్పారు. చూడు బాబూ. నాకన్నా మూడేళ్లు పెద్దది."

నిరంజన వర్ధన్ గారు అంకెలు చూశారు. వేళ్లు మడిచి లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు.

"అంటే, రిటైర్మెంట్ వయసు దాటిపోయినాక ఉద్యోగమిచ్చారండి," అన్నాడు చిట్టబ్బాయి నెమ్మదిగా. "వేరే ఎవరైనా చూత్తే..."

"వీర్రాజుగారూ!" నిరంజన వర్ధన్ గారు లేచారు. ఆయన మొహంలో దిగులు లేదు. కొత్త దీపం వెలిగింది. "ఈ దేశములో ఎన్నో ఆయుధములు తుప్పు పట్టినవి, దొంగిలించబడినవి, మరచిపోబడినవి. కాని ఒక్క ఆయుధమైనను గౌరవప్రదముగా పదవీ విరమణ చేసినదా? లేదు! ఆ లోటు మన జిల్లా తీర్చును. సోమవారము ఉదయము సన్మానసభ!"

"విరమణ అయ్యాక పిస్తోలు నా దగ్గరికే వత్తాదా?" అని అచ్చాయమ్మగారు భయంగా అడిగారు.

"లేదమ్మా. సర్కారు ఉద్యోగి ప్రైవేటు వ్యక్తి బీరువాలో ఉండజాలడు. నియమింపబడిన క్షణముననే మీ లైసెన్సు దానంతట అదే రద్దయినది. శేషజీవితము మా కార్యాలయపు అద్దాల పెట్టెలో గడుపును."

"ఈ మాట ముందే చెప్పచ్చు గదయ్యా!"

"మీరు అడగలేదు కదమ్మా."

"మరి ఖజానాకండీ?" అన్నారు వీర్రాజుగారు.

"ద్వితీయ స్థానము వారు ఉన్నారు కదా," అన్నారు నిరంజన వర్ధన్ గారు. ఆ సాయంత్రమే పోలయ్య రైఫిలుకి పదోన్నతి ఉత్తర్వు వెళ్లింది.

సోమవారం పొద్దున్న ఖజానా ముందు సభ జరిగింది. బల్లమీద పట్టుగుడ్డ, దానిమీద పిస్తోలు. శాలువా కప్పితే అది కనిపించలేదు. అందుకని శాలువా మడతపెట్టి పక్కన ఉంచారు. చిన్న చేమంతిదండ వేశారు. పెన్షనర్లు ముందు వరసలో కూర్చున్నారు. తమలో ఇంకొకరు చేరుతున్నందుకు వాళ్లకి ఆనందంగా ఉంది.

నిరంజన వర్ధన్ గారు మైకు పట్టుకున్నారు. "తన సుదీర్ఘ జీవితమున ఈ ఆయుధము ఎవరికీ హాని తలపెట్టలేదు. ఒక్క నీళ్లట్యాంకు, ఒక్క షామియానా మినహా దీని చరిత్ర నిష్కళంకము." ఖజానా అధికారి లేచి, ఇలాంటి సహోద్యోగి మళ్లీ దొరకరని చెబుతూ, మాగాయ గుర్తొచ్చి మధ్యలోనే కూర్చున్నాడు.

రోడ్డు మీద యాత్రా బస్సు వచ్చి ఆగింది. కిటికీలోంచి మహలక్ష్మి చెయ్యూపుతోంది. "ఏవమ్మోయ్! అయ్యిందా?"

"చివరిగా, గౌరవ వందనము," అన్నారు నిరంజన వర్ధన్ గారు. "ఆకాశములోనికి ఒక తూటా."

కానిస్టేబుళ్లు రైఫిళ్లు పైకెత్తారు. వరసంతా టిక్కుమంది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జిల్లాలో పేలగలిగింది ఒక్కటే కనుక, తన గౌరవ వందనం తానే చేసుకోవాలని నిర్ణయించారు. వీర్రాజుగారు దండ తీసి, పిస్తోలులో తూటా పెట్టి, చెయ్యి బాగా పైకి చాచి, కళ్లు మూసుకుని నొక్కారు.

టిక్.

"తిప్పి పెట్టండి," అని పెన్షనర్లు సలహా ఇచ్చారు. తిప్పి పెట్టారు. టిక్. బస్సు హారన్ కొట్టింది. మళ్లీ తిప్పారు. టిక్. నిరంజన వర్ధన్ గారు చేతులు కట్టుకుని, ఎంతసేపైనా నిలబడడానికి సిద్ధంగా నిలబడ్డారు.

అచ్చాయమ్మగారు సభకి దణ్ణం పెట్టారు. పిస్తోలుకి కూడా అలవాటుగా పెట్టారు. "నాయనా నిరంజనం, చల్లగా ఉండు. ప్రసాదం తెత్తాను," అని చెప్పి, మోకాళ్లు పట్టుకుంటూ గబగబా వెళ్లి బస్సెక్కారు. చిట్టబ్బాయి సంచులు అందించాడు. మహలక్ష్మి పక్కకి జరిగింది. కిటికీ పక్క సీటు. ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఆవిడకి ఒళ్లంతా దూదిపింజలా తేలిపోయింది.

బస్సు కదిలింది. మలుపు దాకా వెళ్లిందో లేదో, వెనకాల గట్టిగా 'ఠాప్' మంది.

డ్రైవరు బ్రేకు వేసి, తలుపు తీసుకుని దిగబోయాడు. "కంగారుపడకండమ్మా! టైరు పేలినట్టుంది."

"టైరు కాదు బాబూ," అన్నారు అచ్చాయమ్మగారు, స్వెట్టరు తీసి ఒళ్లో పరుచుకుంటూ. "రిటైరు. నువ్వు పోనియ్యి."